ఒక గడి తక్కువ పడిన అడుగు

కర్నూలులో మా వీధి చివర కొత్తగా స్టీలు సామాన్ల అంగడి పెట్టారు. మొన్న పెరుగు తోడుపెట్టుకోవడానికి గిన్నె కావాల్సి వచ్చి వెళ్లాను. అంగడాయన నా ముందున్న వాళ్ల చెంబు మీద పేరు వేస్తున్నాడు. చేతిలో లావుపాటి పెన్ను లాంటి మిషను. దాని మొన స్టీలుకు తగలగానే గుర్రుమని వచ్చే చప్పుడు నేరుగా పళ్లలోకి దిగుతుంది. చుక్క పక్కన చుక్క, చుక్క పక్కన చుక్క, చూస్తూండగానే అక్షరం తయారవుతుంది. నా వంతు వచ్చింది. "పేరేం వేయల్లమ్మా?" అన్నాడు. "ఏమీ వద్దులే అన్నా" అని గిన్నె తీసుకొని ఇంటికొచ్చి, తలుపు వేసుకొని వెక్కి వెక్కి ఏడ్చాను. ముప్పై అయిదేళ్ల మనిషి గిన్నె కొనుక్కొని ఏడవడమేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆ చప్పుడు సరోజక్కది. ఆమె మీలో ఎవరికీ తెలియదు, తెలిసే వీలూ లేదు. ఆమె చేసిన బొమ్మలు మాత్రం మీ పిల్లల ఫోన్లలో ఎక్కడో ఒకచోట పరుగెత్తే ఉంటాయి. పాతకాలపు వీడియో ఆటల్లో లాగా చిన్న చిన్న చదరాలతో కట్టిన మనుషులు ఉంటారే, కత్తి పట్టుకొని గెంతేవాళ్లు, గుర్రమెక్కేవాళ్లు, దెబ్బ తగిలి వెల్లకిలా పడేవాళ్లు, వాళ్లను గీసి నడిపించడమే మా పని. బయటివాళ్లు పిక్సెల్ ఆర్ట్ అంటారు. మేము చుక్కల పని అనేవాళ్లం. ఒక్కో చదరం ఒక గడి, గడికొక చుక్క. కడప బజారులో వాళ్ల నాయన పెట్టిన సామాన్ల అంగడిని ఆమె తమ్ముడు చూసుకునేవాడు. దానిపై మిద్దెలో మూడు కంప్యూటర్లు వేసుకొని సరోజక్క బెంగళూరు వాళ్లకూ హైదరాబాదు వాళ్లకూ ఈ బొమ్మలు చేసి పంపేది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచీ అంగట్లో కూర్చొని గిన్నెల మీద పేర్లు వేసిన మనిషి. పేర్లతో పాటు చిలకలూ మామిడి పిందెలూ చుక్కలతోనే వేసి ఇచ్చేదట. మొగుడు పోయి పుట్టింటికి వచ్చాక ఒకనాడు మేనల్లుడి కంప్యూటరులో ఆట బొమ్మను పెద్దది చేసి చూసి, "ఇది మన గిన్నెల పనే కదా" అనుకుందట. ఎవరూ నేర్పలేదు. తానే నేర్చుకుంది.

మాది కోసిగి. ఊళ్లో పంట ఉంటే కూలి, లేకపోతే వలస. మా అమ్మానాన్నలు మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు పోతే నేను హాస్టళ్లలో పెరిగాను. కడపలో డిగ్రీ అయ్యాక, బొమ్మలు గీసేవాళ్లు కావాలని కాలేజీ గోడ మీద కాగితం చూసి ఆ మిద్దె ఎక్కాను. నా నోట్‌బుక్కు నిండా సినిమా హీరోల బొమ్మలు. సరోజక్క దాన్ని తెరిచి కూడా చూడలేదు.

"నడువు" అంది.

"యాడికి పోవల్లక్కా?"

"యాడికీ వద్దు. ఈ గోడ కాడి నుంచి ఆ గోడ కాడికి."

నడిచాను. మా అమ్మ చూస్తే ఏ పిచ్చిదాని పాలబడ్డావే అనేది. నాలుగుసార్లు తిప్పి, కింది నుంచి పెద్ద బిందె తెప్పించి, నీళ్లు నింపించి నా చంకకెత్తింది. మళ్లీ నడవమంది. నడిచాక, "బరువు యాడ పడింది?" అని అడిగింది. చంకలో అన్నాను. "కాదు. ఎడమ మడమలో. బిందె గీయాలని తంటాలు పడద్దు మే. మడమ గీయి. బిందె దానంతట అదే వస్తాది." ముప్పై రెండు గళ్ల ఎత్తున్న బొమ్మలో మడమంటే ఎంత? రెండు చుక్కలు. ఆ రెండు చుక్కలు ఎక్కడ పెట్టాలో నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఒకసారి పని మధ్యలో ఉన్నట్టుండి అడిగింది. "మీ అమ్మ ఎట్ల నడుస్తాది?" అందరి మాదిరే నడుస్తుందన్నాను. నాకేసి జాలిగా చూసింది. "అందరి మాదిరి ఎవురూ నడవరు. పోయి చూసి రా." రెండు రోజులు సెలవిచ్చి నిజంగానే పంపింది. అప్పుడు మా ఊరు వలసకు లేస్తోంది. పొద్దున్నే లారీ దగ్గరికి పోతున్న అమ్మ వెనక నడిచాను. నెత్తిన మూట, చేతిలో సత్తు బిందె. ఒక చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంది. అది జారిపోకుండా కాలివేళ్లు ముడుచుకొని, ఆ కాలితో నేలను పట్టుకున్నట్టు నడుస్తోంది. ఎన్నాళ్ల నుంచి అట్లా నడుస్తోందో. "ఏం మే, అట్ల చూస్తాండావు? నన్నెప్పుడూ చూడనట్ల" అంది అమ్మ. చూడలేదు, నిజమే. ఆ కడుపున పుట్టి ఇరవై రెండేళ్లు ఆమె ముందరే తిరిగి, ఆమె చెప్పు తెగిందని చూడలేదు. చూడడం నాకు సరోజక్క పెట్టిన భిక్ష. ఆమె పెట్టిన ఆ కళ్లతోనే ఆమెకు అంత అన్యాయం చేశాను.

ఆ మిద్దెలో ఒకటే కట్టుబాటు ఉండేది. తప్పు ఎవరికి కనపడితే వాళ్లు అప్పటికప్పుడు పైకి చెప్పాలి. గీసింది ఎవరన్నది లెక్కలోకి రాదు. నేను చేరిన కొత్తలో సరోజక్క ఒక సిపాయిని పరుగెత్తించింది. ఎనిమిది బొమ్మలు వరసగా ఆడిస్తే ఒక పరుగు. అయిదో బొమ్మలో వాడి నీడ ఒక గడి ఎగిరి పడుతోంది. నాకు కనపడింది. చెప్పడానికి ధైర్యం చాలక అరగంట గుటకలు మింగి, చివరికి చెప్పాను. ఆమె చూసి, దిద్దుకొని, కుర్చీ నా వైపు తిప్పింది.

"ఎప్పుడు చూసినావు?"

"అర్ధగంట అయిందక్కా."

"అర్ధగంట ఎందుకు దాచినావు?"

"నువ్వు పెద్దదానివి కదక్కా."

"పెద్దోళ్లకు తప్పులు రావా? నేను జీతమిచ్చేది నువ్వు గీస్తావని కాదు మే, చెప్తావని. దాచుకునేదుంటే ఈడ పని చేయద్దు." అంత కటువుగా అన్న మనిషే సాయంత్రం బోండాలు తెప్పించి నాకు రెండు ఎక్కువ పెట్టింది. ఏడేళ్లు ఆమె దగ్గర పని చేశాను. ఆ ఏడేళ్లలో కొన్ని వందల తప్పులు చెప్పి ఉంటాను. చెప్పకుండా దాచింది ఒక్కటే.

ఆమెకు షుగరు ఎప్పటి నుంచో ఉంది. నేను చేరి ఆరో ఏడు దాటాక మనిషితో మాట్లాడేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోవడం మొదలుపెట్టింది. పొగరని కొత్తవాళ్లు అనుకునేవాళ్లు. నిజానికి కంటి నడుమ చూపు మసకబారి, అంచులతో చూస్తోంది. గోధుమరంగూ ముదురు ఎరుపూ ఆమెకు ఒకటైపోయాయి. డాక్టరు కంట్లోకి సూదులు వేశాడు. అంచుల చూపు కొంత నిలుస్తుంది, నడుమది నిలవదు, ఆరు నెలలో ఏడాదో చెప్పలేను అన్నాడట. ఆ మాట మాకు చెప్పి, ఎప్పటిలాగే తెర ముందు కూర్చుంది.

సరిగ్గా అప్పుడే బెంగళూరు వాళ్లు కొత్త ఆట ఒకటి పంపారు. అడవిలో తిరిగే వీరుడికి దారిలో ఒక వర్తకుడు ఎదురుపడతాడు, వీరుడు అతని దగ్గర సామాన్లు కొనుక్కుంటాడు. ఆ వర్తకుడు ఎట్లా ఉండాలన్నది మీ ఇష్టం అన్నారు. మా ఇష్టం అన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. మర్నాడు సరోజక్క వచ్చి చెప్పింది. "ఇది మా నాయన."

అంగడి పెట్టకముందు ఆయన నెత్తిన గిన్నెల గంప, భుజాన పాతబట్టల మూట పెట్టుకొని కడప చుట్టూ పల్లెలు తిరిగి, పాతబట్టలకు సామాన్లు ఇచ్చేవాడట. ఆయన ఫోటో అంగట్లో ఒకటే ఉంది, కుర్చీలో బిగుసుకొని కూర్చున్నది. "నడుస్తాండే నాయన ఈడ తప్ప ఇంగ యాడా లేడు" అని నుదురు తట్టుకుంది. "ఇన్నేండ్లూ ఎవురెవురి బొమ్మలో గీసి పంపినా. ఒక్కటీ నాది కాదు. ఈ ఒక్కటి నా చేత్తో నేనే గీస్తా. ఎవురూ ముట్టుకోవద్దండి. ఇది అయినాంక కండ్లు పోయినా పోనీ."

రెండు నెలలు పట్టింది ఆమెకు. మాకైతే పది రోజుల పని. తెరను ముఖానికి ఆనించుకొని, మెడ తిప్పుకొని, ఒక్కొక్క గడిని తాటికాయంత చేసుకొని చుక్కలు పెట్టేది. మధ్యాహ్నానికి కళ్ల వెంట నీళ్లు కారేవి. ఒకనాడు ఫ్లాస్కులో టీ వంచుతూ గ్లాసు పక్కన పోసింది. బల్లంతా టీ. కొంగుతో తుడుచుకుంటూ, "ఈ ఫ్లాస్కు కారతాంది మే" అంది. ఫ్లాస్కు కారడం లేదు. ఆ క్షణం నుంచి నేను ఆమె దగ్గర పనిచేసే మనిషిని కాకుండా పోయాను, జాలిపడే మనిషినయ్యాను. అదే నా పతనం.

ఆ మరుసటి రోజే బొమ్మలు ఎనిమిదీ పూర్తయ్యాయి. నన్ను పిలిచి ఆడించి చూపించింది. మొహం గోడ వైపు తిప్పి, కంటి కొసతో చూస్తూ, తనలో తాను నవ్వుకుంటోంది. నేను తెర చూశాను. గంప రంగూ మొహం రంగూ కలిసిపోయాయి. మూట అంచు దాటి చుక్కలు చెదిరి ఉన్నాయి. అన్నిటికీ మించి నడక. ఎడమ కాలు ప్రతిసారీ ఒక గడి ఇవతలే పడుతోంది. పాదం వంగాల్సిన చోట వంగడం లేదు. తల దిగాల్సినప్పుడు దిగక, ఒక బొమ్మ ఆలస్యంగా దిగుతోంది. రంగు తప్పిన కన్ను కాలూ తప్పిందనుకున్నాను. నవ్వుకుంటోందే, పాపం, తప్పులు కూడా కనపడడం లేదే అనుకున్నాను.

"ఎట్లుండాది మే? తప్పులుంటే చెప్పు."

"ఏం లేవక్కా. శానా బాగుండాది."

"నిజంగానా?"

"నిజంగానే అక్కా."

"అయితే రేపు పొద్దున పంపించేయి" అని మెట్ల గోడ పట్టుకొని దిగిపోయింది. ఆమె కిందికి పోయాక నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. రంగులు సరిచేశాను. చెదిరిన చుక్కలు తీసేశాను. తర్వాత కాలి దగ్గరికి వచ్చాను. ఆమె నేర్పినట్టే నెత్తిన ఒక గంప పెట్టుకొని ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచి చూసుకొని, ఎడమ కాలు జరిపి, పాదం వంచి, తల దించాను. ఎనిమిది బొమ్మలూ దిద్ది దాని మీదనే సేవ్ చేశాను. పాతది వేరుగా పెట్టాలని తోచనైనా లేదు. తప్పును ఎవరు దాచుకుంటారు? పైగా ఎంత గొప్ప పని చేశానో అని నాకు నేనే మురిసిపోయాను. ఆమె పరువు నిలబెట్టాననుకున్నాను. బెంగళూరు వాళ్లు నడక బాగా కుదిరిందని రాస్తే, సరోజక్క ఓళిగలు చేయించి తెచ్చి మా అందరికీ తన చేత్తో పెట్టింది. నేను మూడు తిన్నాను.

ఆట బయటికి రావడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. అప్పటికి ఆమె మిద్దె ఎక్కడం తగ్గించేసింది. ఆదివారం మధ్యాహ్నం అంగడి మూసి, తమ్ముడు ఆ ఆటను పెద్ద టీవీకి తగిలించాడు. నేను ఆడుతున్నాను. సరోజక్కను టీవీకి మూరెడు దూరంలో కూర్చోబెట్టాం. చెట్ల వెనక నుంచి వర్తకుడు వచ్చాడు, గంపతో, మూటతో. ఆమె మొహం పక్కకు తిప్పి చూసింది. చేయెత్తి నన్ను ఆగమంది.

"ఇంగోసారి నడిపించు."

నడిపించాను.

"ఇంగోసారి."

నాలుగుసార్లు నడిపించాక అడిగింది. "కాలు ఎవురు దిద్దినారు?"

తమ్ముడికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. "నేనే అక్కా" అన్నాను. "రంగులతో పాటే కాలూ దిద్దినా. తప్పనుకున్నా."

ఆమె మెల్లగా చెప్పింది. "నాయనకు చిన్నప్పుడు నారికురుపు లేసింది. దిగుడుబావి నీళ్లు తాగేవాళ్లు కదా అప్పుడు. లాగుతాంటే పురుగు తెగి లోపలే ఉండిపాయ. అప్పట్నుంచీ ఎడమ మడమ వంగదు. ఆ కాల్తోనే పదైదేండ్లు పల్లెలు తిరిగినాడు. చీకటి పడే యాళ వీధి మొదట్లో మనిషి మొగం కనపడేది కాదు, ఆ అడుగు చూసి నాయనొచ్చినాడని ఉరికేదాన్ని." ఆగింది. "పాతది ఉండాదా?"

"దాని మీదనే సేవ్ చేసినానక్కా."

"రంగులు దిద్దితే దిద్దినావు. అవి నాకు కనపడల్యాదు. కాలు గురించి ఒక మాట అడిగింటే చెప్పేదాన్ని కదా మే."

తిట్టలేదు. తిట్టి ఉంటే, చెంప పగలగొట్టి ఉంటే ఇంకోలా బతికేదాన్నేమో. తమ్ముడి భుజం పట్టుకొని ఇంటికి వెళ్లిపోయింది. టీవీలో ఆ మనిషి రెండు కాళ్లూ సమానంగా వేస్తూ నడుస్తూనే ఉన్నాడు.

కంప్యూటర్లు తెలిసినవాళ్లను పిలిపించి వెదికించాను. పాతది దొరకలేదు. మళ్లీ గీద్దామని నేనే ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె చెప్పేది, నేను చుక్కలు పెట్టేదాన్ని. "ఇంగొంచెం వెనక్కి. తల ఇప్పుడే దించద్దు. ఆ, ఇప్పుడు ఆడించు." ఆడిస్తే కంటి కొసతో చూసి, "కాదు" అనేది. ఎక్కడ కాదో చెప్పలేకపోయేది. ఎప్పుడూ ఆమె చేయే వెదుక్కొని పెట్టేది తప్ప మాటల్లో తెలిసిన లెక్క కాదది. నేను ఆయన్ను చూసినదాన్ని కాదు. నెలన్నర ప్రతి మధ్యాహ్నం కూర్చున్నాం. నెలన్నరా అదే మాట, కాదు. చివరికి ఆ కంటి కొస కూడా మసకేసింది. "ఇంగ చాల్లే మే, నీ పని చూసుకో పో" అంది. ఆ మాటలో కోపం లేదు. ఆశ కూడా లేదు.

మిద్దె మీద పని ఆగిపోయింది. నేను కర్నూలు వచ్చి ఇంటి నుంచే బొమ్మలు చేసుకుంటూ బతుకుతున్నాను. ముఖం చెల్లక ఏడాది పాటు కడప వెళ్లలేదు. వెళ్లిన రోజు ఆమె అంగట్లో స్టూలు మీద కూర్చొని ఉంది. నేను పలకరించకముందే, "నాగవేణీ, ఎప్పుడొస్తివి?" అంది. అడుగు చప్పుడు పట్టి గుర్తుపట్టిందట. నేను ఆమె పాదాల దగ్గర కూర్చొని తప్పయిపోయిందక్కా అన్నాను. నా తల నిమిరింది. "నీమింద నాకేం కోపం ల్యాదు. ఒకటే బాధ. ఇంతకుముందు కండ్లు మూసుకుంటే నాయన నడిచేవాడు. ఇప్పుడు మూసుకుంటే ఆ ఆటలో మనిషే నడుస్తాడు. ఎంత తలుచుకున్నా ఆ కాలు ఇంగ కుంటనే కుంటదు మే."

నాకు ఏడుపు కూడా రాలేదు. టీ తెప్పించింది, తాగాను, బస్సెక్కాను. ఫైలులోనే కాదు, ఆమె నుదుటి వెనక కూడా నేనే చెరిపేశానని ఆ బస్సులో అర్థమైంది. ఆ మరుసటి వేసవిలో ఆమె పోయింది. మూత్రపిండాలు పాడయ్యాయన్నారు. తమ్ముడు ఫోన్ చేశాడు. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు నా పనిలో ఏ చిన్న అనుమానం వచ్చినా ఎదుటివాళ్లను అడుగుతాను. విసుక్కుంటారు, ప్రతిదీ అడుగుతావేమమ్మా అంటారు. అడుగుతూనే ఉంటాను. అదేదో ఆమె నేర్పిన మంచి గుణమని చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు. అడగాల్సిన రోజు అడగలేదు, అంతే. రోజూ పని ముగించాక ఆమె నాయన బొమ్మ తెరుస్తాను. ఎడమ కాలు ఒక గడి ఇవతల పెడతాను. మడమ బిగిస్తాను. తల దించడం ఒక బొమ్మ ఆలస్యం చేస్తాను. ఒక్కొక్కసారి అచ్చం ఆ రోజు తెర మీద చూసినట్టే నడుస్తాడు, లేదా నడిచాడని నాకు అనిపిస్తుంది. ఆడించి, చూసి, దేని మీదా సేవ్ చేయకుండా వేరే పేరుతో పెడతాను. అట్లాంటివి నాలుగు వందలు దాటాయి. వాటిలో ఏదో ఒకటి ఆయనే కావచ్చు. ఏదీ కాకపోవచ్చు. కాదు అని చెప్పడానికి సరోజక్క లేదు.